తొమ్మిది గ్రాముల దారం: ట్రౌట్ కోసం ఫ్లై రాడ్, రీల్ ఎంచుకున్న నా అనుభవం

మాది కర్నూలు వన్ టౌన్. ఇరవై రెండేళ్లుగా మోటారు వైండింగ్ షాపు నడుపుతున్నాను. బోరు మోటార్లు, కూలర్ మోటార్లు, ఫ్యాన్లు, ఏది కాలిపోయినా మా దగ్గరికి వస్తుంది. చేపలు పట్టడం మా నాయన నేర్పిన విద్య. తుంగభద్ర ఒడ్డున ఆయన పక్కన కూర్చుని వెదురు కట్టె, నైలాన్ దారం, బెండు, ఎర్రలతో జెల్లలూ కొర్రమీన్లూ పట్టినవాణ్ణి. 2009 అక్టోబరు వరదలో ఇంట్లోకి నీళ్లొచ్చి ఆయన గాలం కట్టెలన్నీ కొట్టుకుపోయాయి. ఆ తర్వాత ఆయన మళ్లీ కట్టె పట్టలేదు. నేను మాత్రం ఆదివారం తీరిక దొరికితే సుంకేసుల వైపో, కేసీ కాలువ మీదికో పోతూనే ఉన్నాను.

ట్రౌట్ అనే చేప పేరు నా చెవిన పడింది మూడేళ్ల కిందట. మా అక్క కొడుకు చండీగఢ్‌లో ఉద్యోగం చేస్తాడు. స్నేహితులతో హిమాచల్‌లోని తీర్థన్ అనే ఏటి దగ్గరికి పోయి, అక్కడి నుంచి నాకొక వీడియో పంపాడు. మోకాలి లోతు నీళ్లలో ఒకాయన నిలబడి కట్టె ఊపుతున్నాడు. పసుపుపచ్చ దారం ఆయన తల మీదుగా వెనక్కి పోయి, గాల్లో నిండుగా సాగి, మళ్లీ ముందుకొచ్చి నీళ్ల మీద చప్పుడు లేకుండా పరుచుకుంది. వెంటనే ఫోన్ చేశాను.

"మామా, ఆయన గాలానికి ఎరా లేదు, సీసమూ లేదు. కొక్కేనికి ఈకలు చుట్టుకున్నాడంతే" అన్నాడు వాడు.

సీసం లేకుండా గాలం అంత దూరం ఎట్లా పోయిందన్నది నా బుర్రలోంచి పోలేదు. ఆ రాత్రి వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మన గాలంలో బరువంతా చివరన ఉంటుంది. సీసపు గుండో, పిండి ముద్దో, దాన్ని విసిరితే దారం వెంట పోతుంది. ఇక్కడ వ్యవహారం తిరగబడింది. చివరన ఉండేది పురుగులా కనిపించే ఈకల కొక్కెం. దాన్నే ఫ్లై అంటారు. నోటితో ఊదితే ఎగిరిపోయేంత తేలిక. బరువు దారంలోనే ఉంటుంది. మనం విసిరేది దారాన్ని, ఫ్లై దాని వెనకాల పోతుంది. ఈ ఒక్క మాట ముందే మనసుకెక్కి ఉంటే నాకు చాలా డబ్బూ, ఒక ఎండాకాలమూ మిగిలేవి. అందరిలాగే నేనూ రాడ్ దగ్గర మొదలుపెట్టాను. మొదలుపెట్టాల్సింది లైన్ దగ్గర, అంటే ఈ దారం దగ్గర. అసలు మాట్లాడితే ఇంకా వెనక, ఏటి దగ్గర.

తీర్థన్ గురించి చదువుతూ పోయాను. ట్రౌట్ మన దేశపు చేప కాదు. బ్రిటిష్ వాళ్లు 1900 ప్రాంతంలో కాశ్మీరుకు, 1909లో కులూ లోయకు తెచ్చి చల్లటి ఏళ్లలో పెంచారు. తీర్థన్ ఆ కులూ జిల్లాలోదే, గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు లోపల పుట్టి బియాస్‌లో కలుస్తుంది. మన తుంగభద్రలో ఏప్రిల్‌లో చేయి పెడితే నీళ్లు వెచ్చగా తగులుతాయి. ట్రౌట్‌కు 20 డిగ్రీలు దాటితేనే ఊపిరి కష్టం. అంటే ఈ చేప కావాలంటే మనమే కొండ ఎక్కాలి. మా షాపు నుంచి అయిదు నిమిషాల్లో 44వ నంబరు హైవే తగులుతుంది. అదే రోడ్డు ఉత్తరానికి పట్టుకుపోతే శ్రీనగర్ దాకా పోతుంది. ఆ మాట తలుచుకుంటేనే నాకు ఆ చేపలు దగ్గరైనట్టు అనిపించేది.

ఇక మొదటి కొనుగోలు. ఫ్లై రాడ్ల మీద ఒక నంబరు రాసి ఉంటుంది. అది కట్టె బరువు కాదు, ఆ కట్టె మోయగల లైన్ నంబరు. ట్రౌట్‌కు సాధారణంగా 3 నుంచి 6 వాడతారు, ఎక్కువమంది చేతిలో ఉండేది 5. మహసీర్ లాంటి పెద్ద చేపలకు 8, ఆపైన. ఇంతవరకు తెలుసుకున్నాను. ఆన్‌లైన్‌లో ఒకాయన వాడిన సెట్ అమ్ముతున్నాడు. తొమ్మిదడుగుల 5 నంబరు రాడ్, రీల్, లైన్ అన్నీ కలిపి ఆరున్నర వేలు. లైన్‌కు డబ్బా లేదు, చీటీ లేదు. అడిగితే "అదీ అయిదే సార్" అన్నాడు. నమ్మి డబ్బు పంపాను.

మార్చి, ఏప్రిల్ రెండు నెలలూ పొద్దున్నే తుంగభద్ర ఇసుకలోకి దిగి సాధన చేశాను. ఏరు అప్పటికే ఎండిపోయి బండలు తేలి ఉన్నాయి. ఆరు గంటలకు పోయి, ఎండ ముదరకముందే వచ్చి, ఉగ్గాని తిని షాపు తెరిచేవాణ్ణి. లైన్ ఒక్కరోజు కూడా వీడియోలో చూసినట్టు పోలేదు. వెనక్కి వేస్తే కట్టె పిడి దాకా వంగిపోయేది. ముందుకు వేస్తే దారం కుప్పగా పడేది. అది పరుచుకోవడం కాదు, కొరడా దెబ్బలా ఇసుకను కొట్టడం. చెయ్యి సరిగా ఆపడం లేదన్నారు ఒకరు. మణికట్టు వంచుతున్నావన్నారు ఇంకొకరు. మేనల్లుడు వీడియో కాల్‌లో చూసి "మామా, గడియారంలో పదికీ రెండుకూ మధ్యే కట్టె కదలాలి" అన్నాడు. అన్నీ చేశాను. ఏప్రిల్ చివర్లో ఒకరోజు టక్కుమని శబ్దం వచ్చింది. చూస్తే పైముక్క జాయింట్ దగ్గర వెంట్రుకంత చీలిక.

ఆ రోజు నేను బాధపడలేదంటే అబద్ధం. కానీ ఇరవై రెండేళ్లు మోటార్లు విప్పిన మనిషిని. మోటారు కాలిందంటే ముందు లోడు ఎంతుందో చూస్తాం. ఈ కట్టె మీద పడుతున్న లోడు ఎంతో నేను ఒక్కసారి కూడా చూడలేదు.

లైన్ నంబర్లకు ఒక పక్కా లెక్క ఉంది. లైన్ ముందుభాగంలో మొదటి 30 అడుగులు ఎంత తూగితే దాన్ని బట్టే నంబరు. తూకం గ్రెయిన్లలో. 5 నంబరుకు 140 గ్రెయిన్లు, ఆరు అటూ ఇటూ. 8 నంబరుకు 210. గ్రెయిన్ అంటే ఒకప్పుడు ధాన్యపు గింజ ఎత్తు, మన కంసాలులు గురిగింజలతో బంగారం తూచినట్టే. గ్రాముల్లో చెప్పుకుంటే 5 నంబరు లైన్ తొమ్మిది గ్రాములు, తులానికి కాస్త తక్కువ. 8 నంబరు పదమూడున్నర పైన. ఇంత చిన్న తూకం చూడాలంటే కిరాణా కాటా పనికిరాదు. మా షాపుకు నాలుగు కొట్ల అవతల ఆచారి గారి దుకాణం ఉంది. లైన్ చుట్ట చంకలో పెట్టుకుని పోయాను.

"ఇదేంది సామీ, తాడు తూచమంటావు?"

"తాడే ఆచారి గారూ. ముప్పై అడుగులు. మిగతాది తగలకుండా చూడాలి."

ఆయన నవ్వలేదు, విసుక్కోలేదు. తూకం అనే మాట వింటేనే ఆయన ముఖంలో శ్రద్ధ వస్తుంది. టేపు పెట్టి తొమ్మిది మీటర్ల పధ్నాలుగు సెంటీమీటర్లు కొలిచాం. ఆ చోట మార్కర్‌తో గీత పెట్టి, ముందు భాగాన్ని చిన్న చుట్టగా చుట్టి పళ్లెంలో ఉంచాం. కొయ్యకుండా తూచాలి కాబట్టి మిగిలిన లైన్‌ను ఆచారి గారు పళ్లెం ఎత్తుకు సమానంగా చేత్తో పట్టుకున్నారు, లాగకుండా, ఆనకుండా. ఫ్యాన్ ఆపించారు. అంకెలు కాసేపు ఊగి ఆగాయి. 13.5.

ఇంకోసారి తూచాం. మళ్లీ అంతే. నా చేతిలో ఉన్నది 8 నంబరు లైన్. హార్స్ పవర్ మోటారుకు ఒకటిన్నర హార్స్ పవర్ పని పెట్టినట్టయింది. రెండు నెలలుగా నా మణికట్టును తిట్టుకున్నాను, తప్పు నా మణికట్టుది కాదు. అమ్మినాయనకు ఫోన్ చేస్తే వాడిన సామాను వెనక్కి తీసుకోనన్నాడు. ఆయనకూ తెలిసి ఉండకపోవచ్చు, దాన్ని అక్కడితో వదిలేశాను. కానీ ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను: చీటీ లేని లైన్ ఎంత చవగ్గా వచ్చినా తూకం వేయకుండా రాడ్‌కు ఎక్కించవద్దు. బంగారం కొట్టు లేని ఊరు మన దగ్గర లేదు.

రెండోసారి తొందరపడలేదు. తీర్థన్ ఒడ్డున గదులు అద్దెకిచ్చే ఒకాయన నంబరు మేనల్లుడి దగ్గర ఉంటే తీసుకుని ఫోన్ చేశాను. నా కర్నూలు ఉర్దూ, ఆయన కొండ హిందీ, రెండూ బాగానే కలిశాయి. నేను అడిగింది రాడ్ల గురించి కాదు. ఏరు ఎంత వెడల్పు, ఒడ్డున చెట్లున్నాయా, లోతెంత, గాలి ఎప్పుడు వీస్తుంది, చేప ఎంతుంటుంది, ఇవి. ఆయన ఓపిగ్గా చెప్పాడు. పాతిక అడుగులకు మించి విసరాల్సిన చోట్లు తక్కువట. నీళ్లలో పెద్ద పెద్ద గుండ్లు, వాటి వెనక నీళ్లు నెమ్మదించే చోటే చేప ఉంటుందట. ఒడ్డు మీది చెట్ల కొమ్మలు వెనక విసిరే దారాన్ని పట్టేస్తాయట. మధ్యాహ్నం దాటితే లోయలోకి గాలి ఎదురు కొడుతుందట. చేపలు ఎక్కువగా పావుకిలో, అప్పుడప్పుడు అరకిలో. మే, జూన్‌లలో మంచు కరిగి నీళ్లు ఉరుకుతాయి, తర్వాత వానలు, కాబట్టి అక్టోబరులో రమ్మన్నాడు. నవంబరు ఒకటి నుంచి ఫిబ్రవరి చివరిదాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని అక్కడ వేట నిషేధం.

ఈ అయిదారు మాటలతో నా రాడ్ సగం ఖాయమైపోయింది. చేప చిన్నది, విసరాల్సిన దూరం తక్కువ, కాబట్టి 4 అయినా చాలు. కానీ మధ్యాహ్నం గాలి ఉంది, నీళ్ల అడుగుకు దిగే బరువైన ఫ్లైలు వాడాలి, కాబట్టి 5 ఉంటే నిశ్చింత. కొమ్మల కింద నిలబడాలి కాబట్టి తొమ్మిది కంటే ఎనిమిదిన్నర అడుగులు సుఖం. రైల్లో మోసుకుపోవాలి కాబట్టి నాలుగు ముక్కలది. రెండు ముక్కల రాడ్ గొట్టం నాలుగడుగుల పైన ఉంటుంది, బెర్తు కింద దాన్ని కాపాడుకోవడమే ఒక పని.

మేలో బెంగళూరు పోయాను. ఫిషింగ్ సామాను అమ్మే దుకాణంలో కుర్రాడు ముందు తీసింది తొమ్మిదడుగుల కార్బన్ రాడ్, పద్దెనిమిది వేలు. ఫాస్ట్ యాక్షన్ అన్నాడు. యాక్షన్ అంటే కట్టె ఎక్కడ వంగుతుందనేది. ఫాస్ట్ అయితే చివర మాత్రమే వంగి చటుక్కున నిటారవుతుంది. మీడియం అయితే నడుము దాకా వంగుతుంది. స్లో అయితే పిడి దాకా. అందరూ దుకాణంలో కట్టెను ఊపి చూసి "ఆహా" అంటారు. నేను లైన్ ఎక్కించి చూపించమన్నాను. కుర్రాడు కాస్త తటపటాయించినా యజమాని ఒప్పుకుని వెనక సందులోకి తీసుకెళ్లాడు.

అక్కడ గంటసేపు రెండు రాడ్లు మార్చి మార్చి చూశాను. ఒకటి ఆ పద్దెనిమిది వేలది. రెండోది ఎనిమిదిన్నర అడుగుల 5 నంబరు, మీడియం ఫాస్ట్, తొమ్మిది వేల ఎనిమిది వందలు. రెండింటికీ ఒకటే లైన్. యాభై అడుగులకు వేస్తే ఖరీదైనది దూసుకుపోయింది, రెండోది అక్కడ తేలిపోయింది. సందు మధ్యలో చెప్పు ఒకటి పెట్టి, ఇరవై అడుగుల దూరం నుంచి దాని మీదికి వేశాను. ఇప్పుడు ఖరీదైన రాడ్ కర్రముక్కలా ఉండిపోయింది. బయట ఉన్న కొద్దిపాటి లైన్ దాన్ని వంచలేకపోతోంది. చిన్నది మాత్రం ఆ కొద్ది బరువుకే చక్కగా వంగి, లైన్‌ను మెత్తగా చెప్పు పక్కన దించింది. నేను పోయే ఏరు పాతిక అడుగులది. ఇక ఆలోచించేదేముంది!

కొనేముందు ఇంకొన్ని చూసుకున్నాను. రింగులన్నీ ఒకే గీతలో ఉన్నాయా అని పిడి దగ్గర కన్ను పెట్టి తుపాకీ గురి చూసినట్టు చూశాను. దూదిపింజ తీసుకుని ప్రతి రింగు లోపలా తిప్పాను. ఎక్కడైనా గరుకు ఉంటే దూది పట్టుకుంటుంది, అలాంటి రింగు లైన్‌ను చీల్చేస్తుంది. బేరింగ్ చూసేటప్పుడు కూడా మేం ఇలాగే చేస్తాం. జాయింట్లు మూడూ పెట్టి, తీసి, మళ్లీ పెట్టాను. బిగుతుగా ఉండాలి గానీ తీసేటప్పుడు మనిషి కష్టపడకూడదు.

రీల్ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పావుకిలో ట్రౌట్‌కు రీల్ అనేది ముఖ్యంగా లైన్ దాచుకునే బొంగరం. చేపను చాలామటుకు చేత్తో లైన్ లాగి తెస్తాం. అందుకని డబ్బు ఉంటే ముందు లైన్ మీద పెట్టాలి, తర్వాత రాడ్ మీద, చివరికి రీల్ మీద. అలాగని ఏదో ఒకటి కొనేయడం కాదు. రెండు చూశాను. ఒకటి లోపల పళ్లచక్రం, దానికి తగిలే చిన్న నాలుక ఉన్న పాతరకం, తిప్పితే కిర్రుమంటుంది. ఇంకొకటి డిస్క్ బ్రేకుది. మోటారుకు నడిచేటప్పటి లోడు కంటే స్టార్టింగ్ లోడు ఎక్కువ అని మాకు రోజూ తెలిసే విషయం. రీల్‌లోనూ చూడాల్సింది అదే. బ్రేకు ఎంత బిగుతు అన్నది కాదు, చేప లాగిన మొదటి క్షణంలో అది జర్క్ లేకుండా వదులుతుందా లేదా అన్నది. సన్నని దారం తెగేది ఆ మొదటి కుదుపుకే. రెండు రీళ్లకూ దారం కట్టి చాలా నెమ్మదిగా లాగి చూశాను. డిస్క్‌ది వెన్నలా కదిలింది, దాన్నే తీసుకున్నాను. రాడ్‌కు బిగించి, పిడి ముందుభాగం కింద ఒక వేలు పెట్టి నిలబెడితే త్రాసులా నిలిచింది. రీల్ మరీ తేలికైతే ముందుకు వాలుతుంది, సాయంత్రానికి మణికట్టు నొప్పి. హ్యాండిల్ ఎడమ చేతికి మార్పించుకున్నాను. కాయిల్ మిషన్ కుడిచేత్తో తిప్పి తిప్పి అలవాటైన వాణ్ణి, మొదట్లో ఇబ్బందే. కానీ కుడిచేత్తో రాడ్ పట్టుకుని విసిరి, చేప పడ్డాక చేతులు మార్చుకునే తడబాటు ఉండదు.

లైన్ మాత్రం కొత్తది, డబ్బాతో, మీద డబ్ల్యూఎఫ్ 5 ఎఫ్ అని రాసి ఉన్నది. అంటే బరువు ముందుభాగంలో ఉండి, 5 నంబరుది, నీళ్ల మీద తేలేది. కర్నూలు వచ్చీ రాగానే ఆచారి గారి దగ్గరికే తీసుకెళ్లాను. 9.1 గ్రాములు. ఆయన తృప్తిగా తలాడించారు.

ఇంటికొచ్చాక రీల్ నింపే పని. ఇది నా సొంత విద్య కాబట్టి ఇష్టంగా చేశాను. లైన్ కింద బ్యాకింగ్ అని డాక్రాన్ దారం చుడతారు. చేప దూరం లాగితే అది అక్కరకొస్తుంది. అంతకంటే ముఖ్యం, అది స్పూల్‌ను నింపి లైన్‌ను పెద్ద చుట్టలుగా ఉంచుతుంది. చిన్న చుట్టలుగా చుడితే లైన్‌కు ఆ వంపులే నిలిచిపోతాయి. ఎంత బ్యాకింగ్ పడుతుందో అంచనా తప్పకుండా ఉండాలంటే తిరగేసి చుట్టాలి. ముందు లైన్, దాని మీద అంచుకు మూడు నాలుగు మిల్లీమీటర్లు తక్కువయ్యేదాకా బ్యాకింగ్. అక్కడ కోసి, అంతా ఖాళీ బాబిన్లకు తీసి, ఈసారి సరైన వరసలో చుట్టాలి. బ్యాకింగ్ గట్టిగా, పొర పక్కన పొర వచ్చేలా చుట్టాను. వదులుగా చుడితే పై పొర కింది పొరలోకి దిగి ఇరుక్కుంటుంది. స్టేటర్ కాయిల్ వదులుగా చుడితే ఏమవుతుందో తెలిసినవాడికి ఇది చెప్పనక్కర్లేదు.

లైన్ చివర లీడర్ అనే సన్నని దారం, దాని చివర ఫ్లై కట్టే టిప్పెట్ అనే ఇంకా సన్నని ముక్క. తొమ్మిదడుగుల లీడర్ మొదట్లో అర మిల్లీమీటరు మందం ఉండి, పోనుపోను సన్నబడుతుంది. దీని కొసను 4ఎక్స్, 5ఎక్స్ అని పిలుస్తారు. ఎక్స్ నంబరు పెరిగేకొద్దీ దారం సన్నం. చాలామంది ఇక్కడ తికమక పడతారు, నాకు మాత్రం పుట్టింటికి వచ్చినట్టనిపించింది. మా రాగి తీగ గేజ్ కూడా అంతే, నంబరు పెరిగితే తీగ సన్నం. మైక్రోమీటర్ తీసి 5ఎక్స్ కొలిచాను, 0.15 మిల్లీమీటర్లు. మా 38 గేజ్ తీగ పక్కన పెట్టి కొలిస్తే సరిగ్గా అదే. ఎక్స్ లెక్క కూడా సులువు. పదకొండులోంచి ఎక్స్ నంబరు తీసేస్తే అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం వస్తుంది. 5ఎక్స్ అంటే అంగుళంలో ఆరు వెయ్యో వంతులు.

ఆ రాగి తీగే నాకు ఇంకో దారి చూపించింది. ఇంగ్లండులో ఫ్రాంక్ సాయర్ అనే ఏటి కాపరి ఉండేవాడు. నీళ్లలో ఈదే పురుగుపిల్లలా కనిపించే ఒక ఫ్లైని ఆయన తయారు చేశాడు. పేరు ఫెజెంట్ టెయిల్ నింఫ్. దానికి దారమే లేదు. ఫెజెంట్ అనే పక్షి తోక ఈక పోగుల్ని సన్నని రాగి తీగతో చుడతారు. తీగే దారం, తీగే బరువు. అది చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. మా షాపు అలమారంతా రాగి తీగే! బెంగళూరు దుకాణం నుంచి 14 సైజు కొక్కేలు, రెండు ఫెజెంట్ ఈకలు తెప్పించుకున్నాను. కొక్కెం కొసన వెనక్కి తిరిగిన ముల్లు ఉంటే చేప నోరు చిరుగుతుంది, అందుకని పట్టకారుతో ముళ్లు నొక్కేశాను. రాత్రిపూట షాపు మూసేముందు బల్ల దీపం కింద కూర్చుని 38 గేజ్ తీగతో చుట్టేవాణ్ణి. మొదటివి బొద్దుగా వచ్చాయి. ఇరవై చుట్టాక చెయ్యి కుదిరింది. మా నాయన ఒకరోజు కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, ఒకటి అరచేతిలో వేసుకుని చాలాసేపు చూశాడు. "దీన్ని చేప నమ్ముతాదా?" అన్నాడు. "నమ్మాలి నాయనా" అన్నాను.

సాధన ఈసారి ఇసుకలో చేయలేదు. బండలకు రాసుకుంటే లైన్ పైపొర పాడవుతుంది. ముందు కాలేజీ గ్రౌండులో గడ్డి మీద, ఆగస్టులో కాలువకు నీళ్లొదిలాక కేసీ కాలువ గట్టు మీద. నీళ్ల మీద చేస్తేనే అసలు విద్య వస్తుంది. వెనక చెట్లుంటే రోల్ కాస్ట్ అని ఒక పద్ధతి ఉంది. లైన్‌ను వెనక్కి విసరకుండా, నీళ్ల మీదే చక్రంలా దొర్లించి ముందుకు పంపడం. నీళ్లు లైన్‌ను పట్టి ఉంచితేనే కట్టె వంగుతుంది, గడ్డి మీద ఇది కుదరదు. సెప్టెంబరు నాటికి పాతిక అడుగుల్లో పళ్లెమంత చోటులో ఫ్లైని దించగలిగాను.

అక్టోబరు రెండో వారంలో కర్నూలులో ఢిల్లీ రైలెక్కాను. ఢిల్లీ నుంచి మేనల్లుడితో కలిసి మనాలి బస్సులో పోయి, ఔట్ అనే ఊరి దగ్గర సొరంగం ముందు దిగిపోయాం. అక్కడి నుంచి జీపులో లార్జీ, బంజార్ మీదుగా తీర్థన్ ఒడ్డున ఉన్న గుషైనీ. మత్స్యశాఖ లైసెన్సు తీసుకుని జేబులో పెట్టుకున్నాం. ఫోన్‌లో మాట్లాడిన ఆయన చెప్పింది చెప్పినట్టే ఉంది. ఏనుగంత గుండ్లు, వాటి మధ్య గాజులాంటి నీళ్లు. కాలు పెడితే ఎముకల్లోకి పాకే చలి.

మొదటి రోజు ఒక్కటీ పడలేదు. రెండుసార్లు లైన్ ఆగినట్టు అనిపించింది, నేను లాగేసరికి లేదు. మాతో వచ్చిన ఊరి కుర్రాడు గమనించి, నేను నిలబడే చోటు తప్పన్నాడు. ట్రౌట్ ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి ఉంటుంది. కాబట్టి దిగువ నుంచి, దాని వెనక నుంచి పోవాలి. నేను ఎగువ నిలబడి నా నీడంతా దానికి చూపిస్తున్నాను.

రెండో రోజు పొద్దున ఎనిమిది గంటలప్పుడు ఒక గుండు వెనక నుంచి, దిగువ వైపు వంగి నిలబడి, కొమ్మల కింద రోల్ కాస్ట్ వేశాను. నా రాగి తీగ నింఫ్ గుండు పక్కన దిగి నెమ్మదిగా నా వైపు కొట్టుకొస్తోంది. లైన్ కొస చిన్నగా, గోరంత, పక్కకు జరిగింది. కట్టె ఎత్తాను. అంతే, కట్టె నడుము దాకా వంగి ప్రాణమొచ్చినట్టు వణికింది. చేప దిగువకు దూకింది. రీల్ కుదుపు లేకుండా వదిలింది, 0.15 మిల్లీమీటర్ల దారం నిలబడింది. మేనల్లుడు "మామా, వదులు, వదులు, పోనీ!" అని అరుస్తున్నాడు. రెండు నిమిషాల్లో వలలోకి వచ్చింది. చెయ్యి తడుపుకోకుండా ముట్టుకుంటే దాని ఒంటి జిగురు పోతుందని కుర్రాడు ముందే చెప్పాడు. తడి చేత్తో పట్టుకున్నాను. తేనె రంగు ఒళ్లు, దాని మీద కుంకుమ చుక్కలు, ప్రతి చుక్క చుట్టూ తెల్లటి వలయం. బ్రౌన్ ట్రౌట్. కొక్కెం పెదవి అంచున తగిలి ఉంది, ముల్లు లేదు కాబట్టి వేలితో తోస్తే ఊడొచ్చింది. ప్రవాహానికి ఎదురుగా తల ఉంచి నీళ్లలో పట్టుకున్నాను. దవడలు నాలుగైదుసార్లు కదిలాయి. తర్వాత నా అరచేతిని తోకతో కొట్టి వెళ్లిపోయింది.

ఆ మూడు రోజుల్లో మొత్తం అయిదు పడ్డాయి, అయిదూ వదిలేశాను. నాలుగు నా తీగ చుట్టిన నింఫ్‌లకే.

కర్నూలు వచ్చాక లైన్‌ను సబ్బునీళ్లతో కడిగి నీడన ఆరబెట్టి, మళ్లీ చుట్టి పెట్టాను. మరుసటి రోజు షాపు తెరుస్తుంటే ఆచారి గారు అటుగా పోతూ ఆగారు.

"ఏం సామీ, పడిందా?"

"పడింది ఆచారి గారూ."

"ఎంత తూగింది?"

"తూచలేదు. నీళ్లలోనే వదిలేశాను."

ఆయన కాసేపు నా ముఖంలోకి చూశారు. నేను కుడిచెయ్యి చాచి, మణికట్టు నుంచి మోచేయి దాకా చూపించాను.